చుప్పుకూ చూపుకూ మధ్య

మా వంటింట్లో మంచినీళ్ళ కుండ మీద మూతగా ఒక రాతిపలక ఉంది. చుట్టూ ఉండాల్సిన చెక్క చట్రాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి, ఒక మూల పెచ్చు ఊడిపోయింది, ఇది పలక అని చెబితే తప్ప ఎవరూ గుర్తుపట్టరు. ఆ మాటకొస్తే ఈ మధ్య నేనూ అంతే, టీచరమ్మనని చెబితే తప్ప ఎవరికీ తెలియడం లేదు. కానీ పొద్దున్నే కుండ కడిగి, ఆ పలకను తడిబట్టతో తుడిచినప్పుడు దానిలోంచి ఒక వాసన లేస్తుంది. వానకు తడిసిన రాయి వాసన, అందులో కాస్త బలపం పొడి, చెరపడానికి ఉమ్మి వాడుకున్న పిల్లల పాపం కూడా కాస్త కలిసిన వాసన. అది తగలగానే నా వయసు జారిపోయి, డాలీగంజ్ చర్చి వరండాలో నాలుగో స్తంభం పక్కన చతికిలబడి కూర్చుంటుంది.

ఆ రోజుల్లో మా దీవిలో డాలీగంజ్ అంటే మట్టిరోడ్డు, రేకుల కప్పులు, ప్రతి పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఏడాదికి ఏడెనిమిది నెలలు ఆ రేకుల మీద ఎవరో బఠాణీలు పోస్తున్నట్టు వాన. మా ఇంటికి కుడిపక్క బెంగాలీవాళ్ళు, ఎడమపక్క తమిళులు, వెనక రాంచీ నుంచి వచ్చినవాళ్ళు; ఎవరి భాష వాళ్ళ గడప లోపల, గడప దాటితే అందరికీ హిందీ. మా తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి దిగిన కుటుంబం మాది. మా నాన్న తెల్లారకముందే సైకిలెక్కి మిన్నీ బే వెళ్ళి వల వేసేవాడు. అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు, ఎందుకంటే నా ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు, ఉన్న ఒక్కదాన్నీ వానకూ పాములకూ హిందీకీ ఒప్పజెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. అందుకని గవ్వలతో నేనొక్కదాన్నే అచ్చంగిల్లాలు ఆడుకునేదాన్ని, కుడిచెయ్యి ఒక జట్టు, ఎడమచెయ్యి ఒక జట్టు. కుడిచెయ్యి ఎప్పుడూ గెలిచేది. ఎడమచెయ్యి అలిగేది. దాన్ని బతిమాలుకునే పని కూడా నాదే.

ఆరేళ్ళు నిండాక సర్కారు బడిలో వేశారు. హిందీ బడి. అమ్మ చెయ్యి వదిలి వెళ్ళిపోగానే నేను రాగం అందుకున్నాను. బెహన్‌జీ, అంటే మా టీచరు, మంచి పొడగరి, నా ముందుకొచ్చి వేలు చూపించి గట్టిగా "చుప్!" అంది.

మా ఇంట్లో ఆ మాట ఉంది. నాన్న వల తెస్తే అమ్మ "ఏటి పడ్డాదో చూపు" అంటుంది, నేను చెయ్యి గీరుకుంటే "ఏదీ చూపు" అంటుంది. ఈవిడ కాస్త పొట్టిగా పలికింది గానీ అదే మాట కదా అనుకుని, ఏడుపు ఆపకుండానే నా కొత్త పలక ఎత్తి చూపించాను. ఆవిడ మళ్ళీ "చుప్!" అంది. ఇంకా పైకెత్తి చూపించాను. మూడోసారి అన్నప్పుడు పలక దించి, సంచి తెరిచి, అందులో అమ్మ పెట్టిన కొబ్బరిముక్క కూడా చూపించాను. క్లాసు క్లాసంతా గొల్లుమంది. బెహన్‌జీ కూడా నవ్వింది, అదే నన్ను ముంచింది.

ఆ నవ్వు చెవుల్లోంచి పోక, ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఆ బడిలో నోరు విప్పలేదు. పిల్లలు నాకు గూంగీ అని పేరు పెట్టారు. మూగది అని. తమాషా ఏమిటంటే బెహన్‌జీకి మాత్రం నేను క్లాసులోకెల్లా బుద్ధిమంతురాలిని. ఆ బడిలో బుద్ధి అంటే చప్పుడు చేయకపోవడం. బల్ల మీద రాసింది చూసి రాసుకోవాలి, మంచినీళ్ళకు ఒక వేలు, రెండో పనికి రెండు వేళ్ళు ఎత్తాలి, పెద్ద సార్లు వరండాలో నడిచినప్పుడు గాలి కూడా అడిగి లోపలికి రావాలి. మా అమ్మకు చెప్పింది బెహన్‌జీ, "బహుత్ అచ్ఛీ లడ్‌కీ హై, ఏక్‌దమ్ శాంత్." అమ్మ ఇంటికొచ్చి నాకు దిష్టి తీసింది.

రంగూన్ మాస్టారు వచ్చింది ఆ మరుసటి ఏడు. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలకు దీవుల్లో చోటిస్తున్న రోజులు. వాళ్ళతోపాటు ఓడ దిగాడు, భార్య అక్కడే పోయింది, పిల్లల్లేరు, చేతిలో ఒక రేకు పెట్టె, నడుముకు గళ్ళ లుంగీ. అసలు పేరు దానియేలు. పుట్టింది రంగూన్‌లో, పాఠాలు చెప్పింది రంగూన్‌లో, ఆంధ్రదేశాన్ని పటంలో తప్ప చూసి ఎరగడు. చర్చి వెనక గదిలో మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఆయనకు చోటిచ్చారు. ఆదివారం పాటలు తెలుగులో పాడుకుంటున్నా పుస్తకం తలకిందులుగా పట్టుకునే పిల్లలు తయారవుతున్నారని సంఘ పెద్దలకు దిగులు. సాయంత్రాలు వరండాలో తెలుగు బడి మొదలైంది. చర్చి పిల్లలే అని కాదు, ఎవరైనా రావచ్చు.

మొదటిరోజు వెళ్ళేసరికి వరండా సంతలా ఉంది. ఇరవై మంది పిల్లలు, ఇరవై పాఠాలు, ఒకేసారి, గొంతు చించుకుని. ఒకడు అ ఆలు, ఒకడు ఎక్కాలు, ఒకతి కాకి కథ. మా వీధి నూకాలు తమ్ముణ్ణి చంకనేసుకుని గుణింతం అరుస్తోంది, చంకలో వాడు తన గుణింతం తాను ఏడుస్తున్నాడు. మధ్యలో మాస్టారు కళ్ళు అరమోడ్చి, ముఖం కొంచెం పైకెత్తి, పాట వింటున్నట్టు కూర్చుని, ఉన్నట్టుండి ఆ హోరులోంచి ఒక్క నూలుపోగు పట్టి లాగేవాడు. "ఒరే, మూడో స్తంభం! ఏడెనిమిదులు యాభై నాలుగేట్రా? రెండు ఎవుడు మింగినాడు?"

నేను అలవాటు ప్రకారం నోరు కట్టేసుకుని నాలుగో స్తంభం దగ్గర కూర్చున్నాను. మాస్టారు నావైపు చూడలేదు. రెండోరోజూ చూడలేదు. మూడోరోజు నూకాలే ఉండబట్టలేక, "మాస్టారూ, ఈ గుంట మూడ్రోజులై కూకుంటంది, మాటాడదు" అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎవులే అమ్మీ? ఇటు రా. ఏదీ, నీ పేరు నా సేతిలో రాయి."

చాపిన అరచేతిలో చూపుడువేలితో ఎస్తేరు అని రాశాను, నాన్న నేర్పిన ఆ మూడక్షరాలే నాకు వచ్చు. చెయ్యి మెత్తగా, వెచ్చగా, బలపం పొడితో నునుపుగా ఉంది. ఆయన ముఖం పైకెత్తి, వేలు ఆగిపోయాక కూడా కాసేపు అలాగే ఉండి, "ఎస్తేరు" అన్నాడు. "నోరు మూసుకుని సదివితే అచ్చరం లోపలే కుళ్ళిపోద్ది. తప్పైనా గట్టిగా సెప్పు. గట్టిగా సెప్పిన తప్పు గాలికి పోద్ది, మెల్లగా సెప్పిన తప్పు లోపల ముదిరిపోద్ది."

అలా నేను వల్లె వేయడం మొదలుపెట్టాను. పొద్దున్న నాన్న వల వేసేవాడు, సాయంత్రం నేను వల్లె వేసేదాన్ని, ఇద్దరికీ కొన్ని రోజులు ఏమీ పడేది కాదు. కానీ నా గొంతు నాకు వినపడటం అదే మొదలు. ఏడాదిపాటు వాడక తుప్పు పట్టిన గొంతు, మొదట్లో కీచుమని, తర్వాత నూకాలు గొంతుతో పోటీకి దిగి, ఒకనాడు దాన్ని దాటిపోయింది. ఆ రాత్రి అన్నంలోకి అమ్మ చేపల పులుసు పోస్తూ, "ఓలమ్మ, ఇంట్లో కూడా ఎందుకే అరుపులు" అని విసుక్కుంటే, నాన్న మాత్రం తినడం ఆపి నావైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇక అక్కడినుంచి, ఏడేళ్ళ వయసులోనే రెండు దేశాల విద్యావిధానాలను పోల్చి చూసిన విద్యావేత్తను నేను. పొద్దుటి బడి ఇండియా, సాయంత్రం బడి బర్మా. ఇండియాలో సడి లేనిది బడి, బర్మాలో సడి ఉన్నది బడి. ఇండియాలో తప్పు చెబితే నవ్వుతారు, బర్మాలో చెప్పకపోతే కోప్పడతారు. అక్కడి పొంగీల దగ్గర, అంటే బౌద్ధ సన్యాసుల దగ్గర, పిల్లలు ఇలాగే అందరూ ఒకేసారి అరిచి చదువుతారనీ, ఊరి చివర నిలబడి ఆ హోరు వింటేనే ఇవాళ బడి ఉందో లేదో తెలిసిపోతుందనీ మాస్టారు చెప్పేవాడు. "మనకి గుడీ బడీ ఒక్క అచ్చరం తేడా. ఆళ్ళకి అది కూడా నేదు, రెంటికీ ఒకటే మాట" అనేవాడు. చర్చి వరండాలో కూర్చున్న మాకు అది సరిగ్గానే తోచేది.

ఆయన చేసే పనులన్నీ మాకు బర్మా పద్ధతులే. ఎవరి స్తంభం దగ్గర వాళ్ళే కూర్చోవాలి, మారకూడదు. బర్మా పద్ధతి. పలక ఆయన కళ్ళముందు పెట్టడం కాదు, అరచేతిలో రాయాలి. బర్మా పద్ధతి. నల్లబల్ల వద్దు, వేళ్ళెత్తడం వద్దు, ఏం కావాలన్నా పేరు చెప్పి అరవాలి. వరండా మెట్లు ఎక్కేటప్పుడు ఆయన పెదవులు కదిపి లెక్కపెట్టుకునేవాడు, మా దృష్టిలో అది బర్మా ఎక్కాలు. క్రిస్మస్‌కి మా ఇళ్ళల్లో అరిసెలూ, కొబ్బరి కూరిన కజ్జికాయలూ వండుతుంటే ఆయన కొబ్బరిపాలల్లో సేమ్యాలాంటిది ఉడికించి, పైన వేయించిన ఉల్లిపాయలూ నిమ్మరసమూ వేసి మాకు పెట్టేవాడు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్ళు మూసుకునే తరిగేవాడు. అది కూడా మేము, బర్మావాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో, కన్నీళ్ళు రాకుండా భలే ఉపాయం కనిపెట్టారే అనుకున్నాం.

రెండేళ్ళు గడిచాక సంఘ పెద్దలు విద్యాశాఖకు అర్జీ పెట్టారు, సర్కారు బడిలోనే తెలుగు తరగతి తెరిచి మాస్టారికి ఉద్యోగం ఇవ్వమని. ఇస్తే ఆయన ఇక్కడే ఉండిపోతాడు. ఇవ్వకపోతే విశాఖపట్నంలో ఎవరో మేనల్లుడట, ముఖపరిచయం కూడా లేని మేనల్లుడు, అతని పంచకు పోవాలి. చర్చి గది కొత్తగా వచ్చే సువార్తికుడి కుటుంబానికి కావలసి వచ్చింది, సంఘం ఎంతకాలమని పోషిస్తుంది అని పెద్దల్లో గొణుగుళ్ళు కూడా మొదలయ్యాయి. ఇవన్నీ మా నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి తరగతి చూసి తేలుస్తారని కూడా విన్నాను.

మిగతా పిల్లలకు ఇన్‌స్పెక్టరు అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. మా హిందీ బడికి ఒకసారి వచ్చాడు, సూది పడితే వినపడేంత చుప్పుగా కూర్చున్నందుకు మా క్లాసుకు శెభాష్ అన్నాడు. రెండు దేశాల విద్యావేత్తను కదా, నా విజ్ఞానం వాడే సమయం వచ్చిందనుకున్నాను. ఆయన వచ్చేనాటి సాయంత్రం అందరికంటే ముందు వెళ్ళి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు కూర్చోబెట్టి చెప్పాను.

"సాబ్ వస్తాడు. ఎవులన్నా నోరెత్తినారంటే మాస్టారి ఉద్దోగం పోద్ది. ఏక్‌దమ్ చుప్!"

"అరవకపోతే మాస్టారు తిడతాడే" అంది నూకాలు.

"నీకేటి తెల్సు? నువ్వు సర్కారు బడి మొకం సూసినావా? సాబ్‌లకి చుప్ అంటేనే ఇష్టం."

నూకాలుకి బడి లేదు, తమ్ముణ్ణి ఎత్తుకోవడమే దాని ఉద్యోగం. ఆ మాటకు దాని ముఖం ముడుచుకుపోయింది. తమ్ముడి నోట్లో బెల్లం ముక్క కుక్కి, తన స్తంభం దగ్గర కూర్చుంది.

పెద్దలు ఎక్కడినుంచో నల్లబల్ల తెచ్చి, వరండా మధ్యలో కాళ్ళ మీద నిలబెట్టి వెళ్ళారు. వాన అప్పుడే వెలిసింది. చూరునీళ్ళు కారడం కూడా ఆగిపోయింది. మాస్టారు ఆ వేళ ఎవరిదో తెల్ల ప్యాంటు తొడుక్కుని, ఇస్త్రీ చొక్కాతో, వెనక ఇన్‌స్పెక్టరుగారూ అయ్యగారూ వస్తుండగా మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. మేము ఇరవై రెండు మందిమి, వేళ్ళు పెదవుల మీద పెట్టుకుని, బొమ్మల్లా.

ఆయన పై మెట్టు మీద ఆగిపోయాడు. ముఖం పైకెత్తాడు. ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు.

"ఏటర్రా..." అన్నాడు మెల్లగా. "ఎవులూ రాలేదేటి?"

ఇరవై రెండు జతల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. చుప్పుకూ చూపుకూ ఒక్క దీర్ఘం తేడా అనుకునేదాన్ని, ఆ రెండింటి మధ్యా ఒక మనిషి జీవితం పట్టేంత జాగా ఉందని ఆ క్షణంలో తెలిసింది. నా నోరు తెరుచుకోలేదు. అరిచింది నూకాలు. "మేమందరం ఇక్కడే ఉన్నాం మాస్టారూ!"

ఆయన ముఖం విప్పారింది. ఆ గొంతు వైపు గబగబా రెండడుగులు వేశాడు, ఎప్పుడూ లేని చోట ఉన్న నల్లబల్లకు తగిలి, దానితోపాటు పడబోయాడు. ఇన్‌స్పెక్టరుగారు రెక్క పట్టుకుని ఆపాడు. చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నా నేరం సగం అతనికి పంచేదాన్ని. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పిల్లవాడి పలక తీసి ఆయన చేతిలో పెట్టి, "మాస్టర్‌జీ, ఇస్ మే క్యా లిఖా హై?" అని, అందులో ఏం రాసుందో నెమ్మదిగా అడిగాడు.

మాస్టారి వేళ్ళు పలక మీద కాసేపు తిరిగాయి. తర్వాత తలెత్తి, పిల్లాణ్ణి అడగండి, వాడు చెబుతాడు, నేను వింటాను, తప్పైతే నేను చెబుతాను అని తన రంగూన్ హిందీలో, తొణక్కుండా చెప్పాడు. "సాబ్, బచ్చే కో పూఛో. ఓ బోలేగా, హమ్ సునేగా. గలత్ హోగా తో హమ్ బతాయేగా."

ఇన్‌స్పెక్టరుగారు పలక తీసుకుని, చప్పుడు కాకుండా ఆ పిల్లవాడి ఒళ్ళో పెట్టాడు. మా చుప్ ఆయనకు అంటుకున్నట్టుంది.

తరగతి మంజూరు కాలేదు. కాగితంలో ఏం రాశారో నాకు తెలియదు గానీ, ఊళ్ళో మాత్రం "కళ్ళు నేని మాస్టారు ఇన్నాళ్ళూ మనల్ని మాయ సేసినాడు" అన్నవాళ్ళున్నారు. పిల్లల్ని నోరు మూసుకోమన్నది ఎవరని ఎవరూ అడగలేదు. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటే ఎందుకున్నారని లోకంలో ఎవరు అడుగుతారు?

ఆయన వెళ్ళేరోజు ఓడరేవుకు చర్చి నుంచి చాలామంది వెళ్ళాం. మెయిన్‌ల్యాండ్ ఓడ అంటే దీవిలో పండగే, దిగే ఆలుగడ్డల బస్తాలు, ఎక్కే పెట్టెలు, కూలీల కేకలు. ఆ కేకల్లో మాస్టారు ముఖం అటూ ఇటూ తిప్పుతూ, వచ్చిన ప్రతి గొంతుకూ పేరు పెట్టి పలకరిస్తున్నాడు. నేను ఆయనకు చేతికందేంత దూరంలో, అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడ్డాను. మాట రాలేదు. మాట్లాడకపోతే ఆయనకు నేను లేనట్టే అని తెలిసి కూడా రాలేదు.

"ఎస్తేరు రానేదేటి?" అన్నాడు ఆయన.

"ఇక్కడే ఉన్నాది బాబూ, ఏడుస్తంది" అంది అమ్మ.

ఆయన అరచెయ్యి చాపాడు. వేలు పెట్టాను. చెప్పాల్సింది చాలా పెద్దది, నాకొచ్చిన అక్షరాలు చిన్నవి. నకు ఏత్వమిస్తే నే, మళ్ళీ నకు ఏత్వమిస్తే నే. నేనే. చుప్ అని చెప్పింది నేనే. ఇంకేమీ రాయలేకపోయాను.

ఆయన గుప్పిట మూసుకున్నాడు. "నువ్వేనని నాకు తెల్సులేవే" అని నవ్వాడు. అంతలో ఎవరో భయ్యా పెట్టె అందుకుని, ఆయన మోచెయ్యి పట్టి నడిపించుకుపోయాడు.

ఎదురుగా నిలబడింది నేనేనని తెలుసన్నాడా, ఆ పని చేసింది నేనేనని తెలుసన్నాడా? మళ్ళీ వచ్చిన ఓడకు ఉత్తరం రాలేదు, ఆ మరుసటి ఓడకూ రాలేదు. మేనల్లుడు రాస్తే కదా, ఆయన రాయలేడని అప్పటికి మా అందరికీ తెలుసు.

పెద్దయ్యాక టీచర్ ట్రైనింగుకు అదే ఓడెక్కి మెయిన్‌ల్యాండ్ వెళ్ళాను. మూడో రకం బడులు చూశాను, గోడకుర్చీలవీ ర్యాంకులవీ. పరీక్షలో వివిధ దేశాల బోధనా పద్ధతులను పోల్చి రాయమని వస్తే, బర్మాలో పిల్లలు గురువు అరచేతిలో అక్షరాలు దిద్దుతారని ఒక పేజీ నిండా రాశాను. మంచి మార్కులు వేశారు. అందులో బర్మా ఎంతో, ఆయన కళ్ళు ఎంతో నాకు ఈనాటికీ తెలియదు, పేపరు దిద్దినవారికి అసలే తెలియదు. తర్వాత ముప్పై ఏళ్ళు మా దీవిలోనే హిందీ బడిలో పాఠాలు చెప్పాను. మొదట్లో పిల్లల్ని అరవనిచ్చాను. పక్క క్లాసు దీదీలు, అంటే తోటి టీచర్లు, ఫిర్యాదు చేశారు. రెండో ఏడు మానిపించాను. ఇంత శాంతంగా ఉండే క్లాసు తాము చూడలేదని తనిఖీకి వచ్చినవాళ్ళు రాసి వెళ్ళిన కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. దాన్ని తీసి చూసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ చర్చి వరండాకు ఇప్పుడు అద్దాలు బిగించి, పలకరాళ్ళు పరిచారు. స్తంభాలు గోడలో కలిసిపోయాయి, నాలుగోది ఎక్కడుందో గోడ తడిమి చూసుకోవాలి. తెలుగు ఆరాధన ఉంది, పిల్లలు చక్కగా పాడతారు కూడా, ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో చూసుకుని. నూకాలు తుష్నాబాద్‌లో మనవల దగ్గర ఉండేది, పోయిన వానాకాలం పోయింది. ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలిసినవాళ్ళలో నాతో మాట్లాడేవాళ్ళు ఇక లేరు. వాన ఆగిన సాయంత్రాల్లో మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, నేను ఇంట్లో ఉన్నానో లేదో నాకే అనుమానం వస్తుంది.

అందుకే పొద్దున్న కుండ కడిగాక పలకను వెంటనే మూత పెట్టను. తడివేలితో దాని మీద రెండక్షరాలు రాసి, పైకి గట్టిగా చదువుతాను. నన్ను అమ్మమ్మగా పిలిచే పక్కింటి పిల్ల గోడ మీంచి తొంగిచూసి, "నానీ, కిస్ సే బాత్ కర్ రహీ హో? ఎవరొచ్చారు?" అంటుంది.

"నేనే" అంటాను. పలక ఆరిపోతుంది.